గాజరగడ్డ: ఒక కూరకు రెండు పేర్లు

ముదిగుబ్బలో ఉర్దూ మాట్లాడే ఒక తల్లి కొడుకును కూరగాయల అంగడికి పంపుతూ, "గాజర్ లేకో ఆ బేటా" అంటుంది. ఆ పిల్లవాడు రోడ్డు దాటి అంగడి దగ్గరకు పోయి, "అన్నా, క్యారెట్టు పావుకిలో ఇయ్యి" అంటాడు. ఇంటికీ అంగడికీ మధ్య వంద అడుగుల దూరం కూడా ఉండదు. అంతలోనే ఆ గడ్డ పేరు మారిపోతుంది. తల్లీ కొడుకూ ఇద్దరూ ఈ మార్పును గమనించరు. అలవాటైన విషయాన్ని ఎవరూ గమనించరు గదా!

అయితే చరిత్ర విద్యార్థి దీనిని గమనించక తప్పదు. ఒకే వస్తువుకు ఒకే ఊరిలో రెండు పేర్లున్నాయంటే, ఆ వస్తువో దాని పేరో రెండు దారులలో ఆ ఊరు చేరి ఉండాలి. మన నిఘంటువులలో 'గాజర', 'గాజరగడ్డ' అనే మాటలు ఉన్నాయి. పొరుగున ఉన్న కన్నడంలో దీనిని 'గజ్జరి' అంటారు. ఇవన్నీ పార్సీలోని 'గజర్', అరబ్బీలోని 'జజర్' అనే మాటలకు దగ్గరి చుట్టాలు. 'క్యారెట్టు' మాత్రం ఇంగ్లీషు నుండి వచ్చింది. దాని మూలం గ్రీకు భాషలో ఉంది. ఈ రెండవ పేరు మొదటి పేరును తెలుగు అంగడిలో నుండి దాదాపు వెళ్ళగొట్టింది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలలోనూ నేడు వినిపించేది ఎక్కువగా క్యారెట్టే.

దీని ఫలితంగా చదువుకున్నవారు సైతం ఇది తెల్లదొరలు తెచ్చిన కూరగాయ అని అనుకుంటున్నారు. దీనికి జవాబుగా మనలో కొందరు ప్రపంచంలోని ప్రతి మంచి వస్తువునూ ముస్లింలే కనిపెట్టారని గొప్పలు చెప్పుకోవడం కద్దు. ఈ రెండు మాటలూ చరిత్ర కావు. మొదటిది మరపు, రెండవది అతిశయోక్తి. చరిత్ర ఒక అమానతు. ఎవరి పాలు ఎంతో అంత వారికి అప్పగించడమే దానికి న్యాయం. ఆ దృష్టితో ఈ సామాన్యమైన గడ్డ కథను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేదవాని మాంసం

రాజుల విందులను గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. గడ్డ కూరలను గురించి రాసినవారు తక్కువ. అందుకే సహీహ్ బుఖారీలోని ఒక హదీసు ఆహార చరిత్ర చదివేవారికి ఎంతో విలువైనది. హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) మదీనాలో తాను ఎరిగిన ఒక స్త్రీని గురించి చెప్పారు. ఆమె తన పొలంలో నీటి కాలువల గట్ల మీద 'సిల్ఖ్' అనే మొక్కను పెంచేది. శుక్రవారం వచ్చిందంటే దాని వేళ్ళను పెరికి, కుండలో వేసి, పైన గుప్పెడు బార్లీ పిండి చల్లి ఉడికించేది. ఆ కుండలో మాంసం లేదు. ఆ వేళ్ళే మాంసం స్థానంలో ఉండేవి. జుమా నమాజు ముగించుకొని సహాబాలు ఆమె ఇంటికి వెళ్ళి సలాము చేసేవారు. ఆమె ఆ వంటకాన్ని వారి ముందు పెట్టేది. ఆ భోజనం కోసమే శుక్రవారం ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూసేవారమని ఆయన తెలిపారు.

ఈ సిల్ఖ్ గాజర జాతిది కాదు. మనం బీట్‌రూట్ అని పిలిచే గడ్డ జాతికి చెందినది. అయినా ఈ హదీసు నుండి ఒక ముఖ్యమైన విషయం విదితమవుతుంది. మాంసం కొనలేని ఇంట్లో భూమిలో పెరిగిన వేరు మాంసం పని చేసింది. దానిని పెంచినది, వండినది, పది మందికి పెట్టినది ఒక పేద స్త్రీ. ఆమె పేరు ఆ కథనంలో లేదు. గడ్డ కూరల చరిత్ర అంతా ఇలాంటి పేరులేని మనుషుల చరిత్రే. గాజర కథలో కూడా ఈ సంగతి మనకు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

అడవి మొక్క నుండి కూరగాయ వరకు

అడవి గాజర ఐరోపాలోనూ పశ్చిమాసియాలోనూ దారుల పక్కన దానంతట అదే మొలిచే మొక్క. దాని వేరు తెల్లగా, సన్నగా, నారతో గట్టిగా ఉంటుంది. జీలకర్ర, ధనియాలు, సోపు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. దాని ఆకును నలిపి వాసన చూస్తే ఈ చుట్టరికం తెలుస్తుంది. గ్రీకులు, రోమనులు ఈ మొక్కను ఎరుగుదురు. వారి వైద్యులు దాని విత్తనాలను, వేళ్ళను మందులలో వాడారు.

ఈ పీచువేరు తినదగిన లావుపాటి గడ్డగా మారినది ఎక్కడ? నేటి ఆఫ్ఘనిస్తాను, ఇరాను, వాటి చుట్టుపక్కల ప్రదేశాలలోనని వృక్షశాస్త్రవేత్తలు చాలాకాలంగా భావిస్తూ వచ్చారు. 2013లో వెలువడిన జన్యు పరిశోధన మధ్య ఆసియానే చూపింది. 2023లో 630 గాజర నమూనాల జన్యువులను పోల్చిచూసిన మరొక పరిశోధన కూడా పశ్చిమాసియా, మధ్య ఆసియాలకు చెందిన భూభాగంలో, మధ్యయుగాల తొలి శతాబ్దాలలో ఈ మార్పు జరిగిందని తేల్చింది.

ఆ శతాబ్దాలు సాసానీ చక్రవర్తుల చివరి కాలాన్నీ, ఇస్లాం తొలి కాలాన్నీ కలిపి ఉన్నవి. కనుక గాజరను ముస్లింలు సృష్టించారని చెప్పడం సరికాదు. ఏ మతానికి చెందినవారైనా, ఆ నేల మీద ఉన్న రైతులు ఏటేటా లావుగా, మెత్తగా, తియ్యగా ఉన్న గడ్డలను ఎంచి, వాటినే విత్తనానికి వదిలారు. గాజర మొదటి ఏడాది గడ్డ వేస్తుంది, రెండవ ఏడాది పూత పూసి విత్తనమిస్తుంది. అంటే మంచి గడ్డను విత్తనానికి వదిలిన రైతు, ఆ సంవత్సరం దానిని తినకుండా ఆకలి ఓర్చుకొని ఉంచాలి. అలాంటి ఓర్పు కొన్ని వందల ఏళ్ళు సాగిన మీదట మనకు ఈ కూర దక్కింది.

బగ్దాదు నుండి సెవిల్లె వరకు

ఆ గడ్డ ఊదా రంగులోనూ పసుపు రంగులోనూ ఉండేది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో అది బగ్దాదు వంటశాలలలో ప్రవేశించింది. క్రీ.శ. 10వ శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన 'కితాబుత్ తబీఖ్' అనే వంటల గ్రంథంలో గాజరతో చేసే వంటకాలు ఉన్నాయి. ఊదా రకానికి ఒక ఇబ్బంది ఉంది. ఉడికేటప్పుడు దాని రంగు నీళ్ళలోకి దిగి కూరంతా నల్లబడుతుంది. పసుపు రకానికి ఈ దోషం లేదు. నేటికీ ఉత్తర హిందూస్థానంలో నల్ల గాజరను ఆవపిండితో నీళ్ళలో పులియబెట్టి 'కాంజీ' అనే పానీయం చేస్తారు. అక్కడ ఆ రంగే దానికి అందం.

అరబ్బు పాలిత స్పెయిను దేశం, అనగా అందలూసియా, గాజర ప్రయాణంలో తర్వాతి మజిలీ. 12వ శతాబ్దం చివరలో సెవిల్లెకు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ వ్యవసాయం మీద 'కితాబుల్ ఫిలాహా' అనే పెద్ద గ్రంథం రాశాడు. అందులో రెండు రకాల గాజరలను వర్ణించాడు. ఒకటి ఎర్రనిది, రసం గలది, రుచిగలది. రెండవది పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగుది, కొంచెం మోటుది. అక్కడివారు దీనిని నూనె, పుల్లని సిర్కాలతో కలిపి తినేవారు. స్పానిష్ భాషలో గాజరకు నేటికీ ఉన్న 'సనాఓరియా' అనే పేరు అందలూసియా అరబ్బీ నుండి దిగినదే. పాలకులు వెళ్ళిపోయి ఐదు వందల ఏళ్ళు దాటినా పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

తూర్పు వైపు కూడా ఇదే జరిగింది. మంగోలుల ఏలుబడిలో గాజర చైనా చేరింది. చైనీయులు దానికి పెట్టుకున్న పేరుకు 'పడమటి పరదేశుల ముల్లంగి' అని అర్థం. తమిళంలో దీనికి 'మంజళ్ ముళ్ళంగి', అంటే పసుపు ముల్లంగి అనే పేరు ఉంది. కొత్త గడ్డ వచ్చినప్పుడు, తెలిసిన గడ్డ పేరుకే ఒక విశేషణం చేర్చి పిలవడం లోకసహజం. తెలుగు, కన్నడాలు అలా చేయక, వచ్చిన పేరునే ఉంచుకున్నాయి.

ఇక్కడ పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. 1983లో ఆండ్రూ వాట్సన్ అనే చరిత్రకారుడు ఇస్లాం తొలి శతాబ్దాలలో వరి, చెరకు, ప్రత్తి, పాలకూర, వంకాయ మొదలైన పంటలు తూర్పు నుండి పడమటికి వ్యాపించాయని ఒక ప్రసిద్ధ గ్రంథంలో ప్రతిపాదించాడు. మనవారు దానిని ఎంతో ఇష్టంగా ఉదహరిస్తూ ఉంటారు. ఆ పంటల పట్టికలో గాజర లేదు. అంతేగాక, వాటిలో కొన్ని పంటలు ఇస్లాంకు ముందే ఆ ప్రాంతాలలో ఉన్నాయని 2009లో మైకేల్ డెకర్ విమర్శించాడు. మనకు నచ్చిన సిద్ధాంతం మీద వచ్చిన విమర్శను కూడా చదవడం విద్యార్థి ధర్మం.

బాబరు పళ్ళెంలో

ఢిల్లీ గద్దెనెక్కిన మొగలు పాదుషాలు మధ్య ఆసియా నుండి వచ్చినవారు. గాజర వారికి పుట్టింటి కూర. పానిపట్టు యుద్ధం జరిగిన 1526వ సంవత్సరం డిసెంబరులో, ఓడిపోయిన ఇబ్రాహీం లోడీ తల్లి వంటవాని ద్వారా బాబరుకు విషం పెట్టించింది. ఈ సంఘటనను బాబరు తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. ఆనాటి భోజనంలో తాను కుందేటి మాంసం తిన్నానని, వేయించిన గాజర కూడా చాలా తిన్నానని, ఆ తర్వాత విషం కలిపిన హిందూస్థానీ వంటకం నుండి కొన్ని ముద్దలు తీసుకున్నానని చెప్పాడు. ప్రాణం పోయేంత ప్రమాదం జరిగిన రోజున కూడా ఆయన గాజరను మరచిపోలేదు!

అక్బరు కాలం నాటికి ఇది పాదుషాల పళ్ళెం దాటి బజారుకు వచ్చింది. అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ'లో ఊరగాయల ధరల పట్టిక ఉంది. శల్గమ్, వెల్లుల్లి, ఉల్లి ఊరగాయలతో పాటు గాజర ఊరగాయ కూడా అందులో కనిపిస్తుంది. ధరల పట్టికలోకి ఎక్కిన వస్తువు జనం వాడుకలోకి వచ్చినట్లే లెక్క.

సిరా, పెనుకొండ, బెంగుళూరు

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండను రాజధానిగా చేసుకున్నారు. 17వ శతాబ్దంలో ఈ సీమ బిజాపూరు సుల్తానుల చేతికి పోయింది. ఆపైన 1687లో మొగలులు సిరా పట్టణం కేంద్రంగా ఒక సుబా ఏర్పాటు చేశారు. దానిలోని ఏడు పరగణాలలో పెనుకొండ ఒకటి. అంటే ముదిగుబ్బ పరిసరాల వ్యవహారాలు ఆ రోజుల్లో పార్సీ భాషలో లెక్కలు రాసే కచేరీల కిందకు వచ్చాయి. జిల్లా, తాలూకా, జమాబందీ, కచేరీ, అర్జీ, రుజువు, హద్దు మొదలైన మాటలు రైతుల నోట ఎలా స్థిరపడ్డాయో, గాజర అనే మాట కూడా దక్కనులోని అదే ఉర్దూ, పార్సీ వాతావరణంలో మన భాషలోకి వచ్చిందని అనుకోవడం సమంజసం. ఇంగ్లీషు వారి కాలంలో వచ్చిన కొన్ని కాయలకు తెలుగువారు 'సీమ' అనే మాట తగిలించారు. సీమవంకాయ అందుకు ఉదాహరణ. గాజర అనే మాటలో ఆ సీమ లేదు.

సిరాలోని మొగలు తోటలు ఆ రోజుల్లో పేరెన్నికగన్నవి. 1760లో హైదర్ అలీ బెంగుళూరులో లాల్‌బాగ్ తోటకు పునాది వేసినప్పుడు సిరా తోటలనే ఆదర్శంగా తీసుకున్నాడని చరిత్రకారులు రాస్తున్నారు. టిప్పూ సుల్తాను దూర దేశాల నుండి మొక్కలను, విత్తనాలను తెప్పించి ఆ తోటను పెంచాడు. 1799లో టిప్పూ మరణానంతరం అది ఇంగ్లీషువారి అధీనంలోకి పోయింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమయింది. ఐరోపా నుండి తెచ్చిన విత్తనాలను ఈ గడ్డ మీద పండించి చూసిన స్థలాలలో అది ముఖ్యమైనది. ఆ తర్వాత 19వ శతాబ్దం చివరి దశకంలో రైలు మార్గాలు వచ్చి హిందూపురం, ధర్మవరాలను బెంగుళూరుతో కలిపాయి. ధర్మవరం నుండి పాకాల పోయే దారిలో ముదిగుబ్బ ఒక స్టేషను అయింది. ఒకే తోట చరిత్రలో గాజర అనే మాట నడిచిన లోకమూ, క్యారెట్టు అనే మాట నడిచిన లోకమూ రెండూ ఇలా కలుసుకున్నాయి.

నారింజ రంగు ఎవరిది?

నేడు ముదిగుబ్బ అంగడిలో దొరికే గాజర నారింజ రంగులో ఉంటుంది. ఈ రంగు బగ్దాదుది కాదు, కాబూలుది కాదు. పశ్చిమ ఐరోపా రైతులు, ముఖ్యంగా 17వ శతాబ్దపు హాలండు రైతులు, ఈ రకాన్ని ఎంచి, స్థిరపరచి, ప్రపంచానికి ఇచ్చారు. 1957లో ఓట్టో బంగా అనే డచ్చి శాస్త్రవేత్త గాజర ఐరోపా చేరిన వైనాన్ని చర్చిస్తూ ఈ విషయాన్ని విశదపరిచాడు. పైన చెప్పిన 2023 పరిశోధన కూడా ఇందుకు అనుకూలంగానే ఉంది. తమ రాజవంశానికి గౌరవార్థం డచ్చివారు ఈ రంగును పుట్టించారనే కథ మాత్రం కట్టుకథ. ఆనాటి ఆధారమేదీ దానికి లేదు. క్రీ.శ. 512 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపిల్‌లో తయారైన ఒక వైద్య గ్రంథంలోనే నారింజ రంగు వేరు గల మొక్క బొమ్మ ఉంది. కాబట్టి ఆ రంగు అంతకు ముందు లోకంలో ఎన్నడూ లేదనడం కూడా పొరపాటే.

ఇప్పుడు ఆ తల్లి చేతి సంచిని మళ్ళీ చూద్దాం. ఆమె నోట ఉన్న పేరు ఆసియాది. సంచిలో ఉన్న గడ్డ రంగు ఐరోపా రైతుది. అది పెరిగిన నేల నీలగిరి కొండలదో, కర్ణాటకలోని ఏదో చల్లని ఊరిదో అయి ఉంటుంది. ఇందులో ఏ ఒక్కరి పాలు తీసివేసినా ఆ సంచి ఖాళీ అవుతుంది.

కంటి వెలుగు

గాజరను గురించి చెప్పేటప్పుడు కంటిచూపు సంగతి చెప్పకుండా ముగించరాదు. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మను శాస్త్రవేత్త ఈ గడ్డ నుండి ఒక వర్ణపదార్థాన్ని వేరుచేశాడు. గాజర పేరు మీదుగానే దానికి 'కెరోటిన్' అని పేరు పెట్టారు. మన శరీరం దానిని 'ఎ' విటమినుగా మార్చుకుంటుంది. ఆ విటమిను తక్కువైతే మొదట రేచీకటి వస్తుంది. లోపం ముదిరితే పసిపిల్లల కంటి నల్లగుడ్డు కరిగి శాశ్వతంగా గుడ్డితనం కలుగుతుంది.

ఇది ఒకనాడు మన దేశంలో వేలాది పేద పిల్లలను బాధించిన వ్యాధి. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది, ఈ సమస్యపై విశేషమైన కృషి చేసింది. ఆ కృషి ఫలితంగా 1970లో కేంద్ర ప్రభుత్వం చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల 'ఎ' విటమిను ద్రావణం తాగించే పథకాన్ని ప్రారంభించింది.

కంటి వెలుగు విషయంలోనూ అతిశయోక్తి తగదు. గాజర తింటే చీకటిలో కూడా కనబడుతుందనే నమ్మకం రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారు చేసిన ప్రచారం వల్ల బలపడింది. తమ విమానాలలోని రాడారు రహస్యాన్ని కప్పిపుచ్చడానికి ఆ ప్రచారం వారికి పనికివచ్చింది. వాస్తవమేమంటే, లోపం ఉన్నవారికి గాజర మేలు చేస్తుంది, లోపం లేనివారి చూపును అది పెంచదు. మరొక వాస్తవం. కెరోటిన్ ఒంటబట్టాలంటే ఆ భోజనంలో కొంచెం నూనెగాని నెయ్యిగాని ఉండాలి. సెవిల్లె ప్రజలు నూనెతో, మన ఇళ్ళలో నేతితో కలిపి దీనిని తినడం రుచి కోసమే కావచ్చు, ఆరోగ్యానికీ అది సరిపోయింది. వేరుశనగ పండించే మన ప్రాంతంలో ఒక చెంచా శనగనూనె పేద ఇంట్లో కూడా దొరకని వస్తువు కాదు.

అయితే గాజర ధర పెరిగిన రోజున ఏం చేయాలి? సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మన అనంతపురం మెట్ట నేలలలో, వేసవి ఎండలలో గాజర బాగా పండదు. అది చల్లదనాన్ని కోరే పంట. దానికి బదులు మన పెరటిలోనే మునగాకు ఉంది, తోటకూర ఉంది, బొప్పాయి ఉంది. ఇవన్నీ అదే మేలు చేస్తాయి. హల్వాకు గాజర కావాలి గాని, పిల్లవాని కంటికి మునగాకు చాలు. పండుగనాడు నెయ్యి, పాలు, చక్కెర పోసి చేసే గాజర్ కా హల్వా ఒక్కటే ఈ గడ్డకు గౌరవమని అనుకోవడం, దాని చరిత్రను తలక్రిందులుగా చదవడమే అవుతుంది.

మొదట చెప్పిన మదీనా స్త్రీ దగ్గర మాంసం లేదు, నెయ్యి లేదు. ఆమె కాలువ గట్టున దొరికిన జానెడు చోటును వృథా పోనివ్వలేదు. పెరికిన వేరును ఒంటరిగా తినలేదు. ఆమె కుండ దగ్గరకు వచ్చినవారు తర్వాతి కాలంలో ఎంతో ఎత్తుకు ఎదిగిన మహనీయులు, అయినా ఆ రుచిని జీవితాంతం మరువలేదు. ఆఫ్ఘన్ లోయలలో విత్తనానికి మంచి గడ్డను వదిలిన రైతు పేరు మనకు తెలియదు, హాలండులో నారింజ రంగు గడ్డను ఎంచిన రైతు పేరూ తెలియదు. వారికి మనం చెల్లించగల బాకీ ఒక్కటే. 'గాజర' అనే మాటను మన పిల్లలకు అందిద్దాం. క్యారెట్టు అనే మాటతో తగవు పెట్టుకోనక్కరలేదు. అంగడిలో అది, ఇంట్లో ఇది ఉండవచ్చు. ఆ గడ్డ పొయ్యి మీద ఉడికే రోజున, గోడకు అవతలి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో ఒకసారి విచారించి, ఒక గిన్నె అటు పంపుదాం.